బాగుచేసింది: సరోజ

దుమ్ము పట్టిన సీపీయూ వేడెక్కితే ఒక వాసన వస్తుంది. మొన్న మా ఆఫీసులో మూలపడ్డ పాత కంప్యూటర్‌ను ఎవరో ఆన్ చేశారు. ఆ వాసన తగలగానే చర్ల దగ్గరి దవాఖానా, అక్కడి ల్యాబ్ టెక్నీషియన్ ఖాదర్ సార్ గుర్తొచ్చారు. రక్తపు స్లైడ్లకు వేసే రంగుతో ఆయన వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. దవాఖానాలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌ను చూసుకునేది కూడా ఆయనే. అది విండోస్‌తో కాక లైనక్స్‌తో నడిచేది. ఎవరూ నేర్పలేదు, పుస్తకం తెప్పించుకుని తానే నేర్చుకున్నారు. నేను ఆయన కింద డేటా ఎంట్రీ ఆపరేటర్‌ను. చేరి మూడు నెలలు కాలేదు, అన్నీ వచ్చుననే పొగరు మాత్రం దండిగా ఉండేది.

ఆ పొగరుతోనే ఒక సాయంత్రం, డిస్క్‌లో జాగా చాలడం లేదని, పనికిరానివిగా తోచిన ఫైళ్లు కొన్ని తీసేసి ఇంటికి వెళ్లాను. మర్నాడు ఆన్ చేస్తే, పేరూ పాస్‌వర్డూ అడిగే రంగుల తెర రాలేదు. నల్లటి తెర మీద లాగిన్ అన్న ఒక్క మాట, పక్కన ఆరి వెలిగే గీత. బయట జీపు సిద్ధంగా ఉంది. వాగు అవతలి గూడేల్లో మలేరియా వచ్చినవాళ్లకు ఇంకా ఎన్ని రోజుల మాత్రలు ఇవ్వాలో, ఆ జాబితా అందులోనే ఉంది. మబ్బు కమ్ముకుంటోంది. వాగు పొంగితే వారం దాకా దారి ఉండదు.

"మొత్తం పోయింది సార్. డిస్క్ అంతా తుడిచి, ఫార్మాట్ కొట్టి, అన్నీ మళ్ల ఎక్కిస్త," అన్నాను.

సార్ స్టూలు లాక్కుని కూర్చున్నారు. "పోయింది ఏందో తర్వాత చెప్పు బిడ్డా. ఉన్నది ఏందో ముందు చెప్పు."

"ఏముంది సార్, నల్ల తెర."

"నల్లగున్నా నీ పేరు అడుగుతుంది కదా. చెప్పు మరి."

పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. తీసుకుంది. ఆయన చెప్పిన ఇంకో మాట కొడితే ఫైళ్ల పేర్లు వరుసగా దిగాయి. మా జాబితా అక్కడే ఉంది. నేను ఫార్మాట్ కొట్టి ఉంటే అదే పోయేది. ఏడుపు ఆగలేదు.

"నిన్న కొన్ని ఫైళ్లు నేనే తీసేసిన సార్."

"అవ్, గట్లనే అనుకున్న," అన్నారు, తల తిప్పకుండానే. "లాగిన్ తెర చూపించే ప్రోగ్రాం దెబ్బతిన్నది. గదే పని చేసేది ఇంకోటి ఇందుల ఉంది. దాన్ని పెట్టుకుందాం. జల్దీ కొట్టు."

కీబోర్డును ఆయన ముట్టుకోలేదు. ఒక్కొక్క అక్షరం చెబుతుంటే నేనే కొట్టాను. తెర మీద ఆ రెండు ప్రోగ్రాంల పేర్లు వచ్చాయి, జీడీఎం, కేడీఎం. పాడైంది మొదటిది. ఆయన నీలం వేలు రెండోదాన్ని చూపించింది. మళ్లీ ఆన్ చేస్తే, వేరే రూపంలోనైనా, లాగిన్ తెర వచ్చేసింది. వాన మొదలవకముందే జాబితాతో జీపు వాగు దాటింది.

తర్వాత సార్ రిపేర్ల నోటుబుక్కు తీశారు. నా ఉద్యోగం పోయినట్టే అనుకుంటూ పక్కన నిలబడ్డాను. ఆయన రాసింది ఇంతే: లాగిన్ తెర రాలేదు. కేడీఎంకు మార్చాం. బాగుచేసింది: సరోజ.

"చెడగొట్టింది కూడా నేనే కదా సార్."

"గది రాస్తే, ఇంకోసారి చెడినప్పుడు నాకు ఎవ్వరు చెప్పరు," అన్నారు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా కింద పదకొండు మంది పనిచేస్తున్నారు. ఏది పాడైనా దాచరు, తిన్నగా నా దగ్గరికే వచ్చి చెబుతారు. మా రిపేర్ల పుస్తకంలో చెడగొట్టినవారి పేరుకు గడి లేదు.