ఆ వక్క ఎవరికోసం

తెలుగులో ఒక మాట ఉంది. బిడ్డ మీద పడగానే తల్లిని దోషిని చేస్తుంది. గ్రహణ మొర్రి. పై పెదవి చీలి పుట్టిన పిల్లల్ని చూసి డాక్టర్ల దగ్గర్నుంచి కూరగాయలమ్మే వాళ్ల దాకా అందరూ అలాగే అంటారు. మొర్రి సరే, కళ్లకు కనిపిస్తుంది. దాని ముందు గ్రహణం ఎందుకొచ్చింది? కడుపుతో ఉండగా గ్రహణం పూట తల్లి ఏదో కోసింది, ఏదో తరిగింది, అందుకే బిడ్డ పెదవి తెగింది అని. విచారణ లేదు, సాక్షి లేడు. మాటలోనే తీర్పు ఉంది.

మట్టెవాడ శారద పుట్టినప్పటి నుంచీ ఆ మాట మోసింది. మోసిందంటే ఓర్చుకుందని కాదు. దాచుకుని పదును పెట్టింది.

శారద తల్లి కళావతి కొత్త కోడలుగా మట్టెవాడకు వచ్చిన ఏడాదే కడుపుతో ఉంది. పంతొమ్మిది వందల యాభై అయిదు జూన్‌లో ఒక పొద్దున సూర్యగ్రహణం పట్టింది. మగవాళ్లు స్నానాలకు పోయారు. ఇంట్లో ఇద్దరే మిగిలారు: కళావతి, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ సరస్వతమ్మ. గ్రహణం విడిచేదాకా నోట్లో నీటి చుక్క కూడా వేసుకోకూడదు. కానీ సరస్వతమ్మకు తాంబూలం లేకపోతే గడియ గడవదు.

"కళావతీ, ఒక్క వక్క కొట్టియ్యే, నోరు గుంజుతాంది. ఎవలు చూస్తాన్రు ఇక్కడ" అంది.

అడిగింది భర్తకు అక్క. కళావతి అడకత్తెర తీసింది. కటక్‌మని ఒక్క చప్పుడు.

కార్తీకంలో శారద పుట్టింది. పెదవి చూసి మంత్రసాని నోరు తెరవకముందే సరస్వతమ్మ తెరిచింది. "గ్రహణం పూట ఇది అడకత్తెర పట్టింది. నా కండ్లతోని చూసిన" అంది. చూసిన మాట నిజమే. వక్క ఎవరడిగారో, ఎవరు నమిలారో మాత్రం చెప్పలేదు. కళావతి చెప్పింది. బాలింత మాట ఎవరూ వినలేదు. చంటిబిడ్డతో కేసముద్రంలోని పుట్టింటికి పంపించారు, మళ్లీ తీసుకురావడానికి ఎవరూ పోలేదు. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు.

మేనమామ శారదను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయి పెదవి కుట్టించాడు. కుట్టు కుదిరింది గానీ మాట ముక్కులోంచే వచ్చేది. పిల్ల పెద్దమనిషి కాకముందే కళావతి జబ్బు చేసి పోయింది. పోతూ పోతూ కూతురికి ఆ అడకత్తెరను, ఆ పొద్దుటి సంగతిని అప్పజెప్పింది.

మేనరికం లెక్కన సరస్వతమ్మ కొడుకు పాండురంగానికి శారదనే అడగాలి. అప్పటికి మట్టెవాడలోనే కిరాణం దుకాణం పెట్టుకుని స్థిరపడ్డ సరస్వతమ్మ ఆ ఊసే రానియ్యలేదు. జనగామ పత్తి వ్యాపారి కూతురు, తల్లి లేని పిల్ల నిర్మలను కోడలుగా తెచ్చుకుంది. పెళ్లిచూపుల్లో పిల్లను వాకిట్లోకి పిలిచి, గడ్డం పట్టుకుని, మూతి ఎండలోకి తిప్పి చూసిందని బజారంతా చెప్పుకున్నారు.

శారద పెళ్లి యాదగిరితో అయింది. పెళ్లిళ్లకు, సభలకు మైకుసెట్టు కిరాయికిచ్చే మనిషి. దుకాణం ఎక్కడ పెడదామని అడిగితే శారద ఆలోచించను కూడా లేదు.

"మట్టెవాడల. మా అత్త కిరాణం దుకాణం ఎదురుంగ."

"ఆడ గిరాకీ ఉంటదా?"

"నాకున్నది" అంది శారద.

అట్లా వచ్చింది. పొద్దున్నే దుకాణం మెట్టు మీద కూర్చుని, రోడ్డుకు అవతల గల్లా ముందు కూర్చున్న మేనత్త కళ్లలోకి చూస్తూ వక్కలు కొట్టేది. కటక్, కటక్. తను ఒక్కటీ నమలదు. యాదగిరి నమిలి నమిలి పళ్లు ఎర్రగా చేసుకున్నాడు.

ఎనభైలో జనవరి నుంచే గ్రహణం గోల మొదలైంది. ఫిబ్రవరి పదహారు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు పూర్తిగా మాయమవుతాడని పేపర్లు రాశాయి. ఇంట్లోంచి బయటికి రావద్దని ప్రభుత్వం చాటింపు వేయించింది. ఆ చాటింపు యాదగిరి మైకులోనే రిక్షా మీద ఊరంతా తిరిగింది. ప్రజలు చూడాలి, భయపడొద్దు అంటూ సైన్సు సార్లు పెట్టిన సభలకూ అదే మైకు. యాదగిరికి రెండూ కిరాయిలే.

సరస్వతమ్మ దుకాణం ముందు బల్ల మీద రోజూ పేపరు చదివేవాళ్లు కూడేవాళ్లు. బడిలో సైన్సు చెప్పే కొమురెల్లి సార్ కూడా అక్కడికే వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా వాదం లేచేది.

"సర్కారే చెప్తాంది గద సార్, బయటికి రావద్దని" అనేది సరస్వతమ్మ, పప్పు పొట్లం కడుతూనే.

"ఉత్త కండ్లతోని సూర్యున్ని చూడొద్దన్నది అమ్మా. చూపు పోతదని. ఇంట్ల దాసుకొమ్మని కాదు."

"గట్లయితే గట్లనే చెప్పొచ్చు గద. తలుపులేసుకోమని ఎందుకంటాన్రు? గింత పెద్ద సర్కారు ఉత్తగనే భయపడ్తదా?"

బల్ల మీదివాళ్లు నవ్వేవాళ్లు. సార్ ఎర్రబడేవాడు. ఆయన మంట కూడా అక్కడే. కారణం చెప్పకుండా ప్రభుత్వం తలుపులు వేసుకోమంటే, జనం తమ దగ్గరున్న కారణాన్నే దాంట్లో పెట్టుకుంటారు. రాహువు ఖాతాలోకి సర్కారు ముద్ర కూడా చేరింది.

అందుకే గ్రహణానికి ముందు ఆదివారం సాయంత్రం బడి మైదానంలో సభ పెట్టాడు. ఎవరైనా ఏదైనా అడగొచ్చు అన్నాడు. మట్టెవాడ సగం వచ్చింది. మైకుపెట్టె దగ్గర యాదగిరి, పక్కన శారద. ముందు వరసలో సరస్వతమ్మ, ఐదో నెల కడుపుతో కోడలు నిర్మల.

సార్ నీడల సంగతి బాగా చెప్పాడు, నిమ్మకాయ, బంతి పట్టుకుని. చివర్లో ఎవరో అడిగారు: "మరి పిల్లలకు మొర్రి ఎందుకొస్తది సార్?"

సార్ నోరు తెరవబోతుంటే సరస్వతమ్మ లేచింది.

"పుస్తకమెందుకు సార్. మా తమ్ముని బిడ్డ ఆడనే కూసున్నది, మైకు కాడ. దాని మూతి చూడుండ్రి. దాని తల్లి గ్రహణం పూట అడకత్తెర పట్టింది. ఇంకేం రుజువు కావాలె?"

మైదానం మొత్తం తల తిప్పి శారద పెదవి వైపు చూసింది. వెనక ఉన్నవాళ్లు కనిపించక లేచి నిలబడ్డారు.

శారద మైకు అందుకుంది. పుట్టి బుద్ధెరిగాక పదిమందిలో మాట్లాడటం అదే మొదటిసారి. "అత్తా, ఆ వక్క ఎవరికోసం కొట్టింది మా అమ్మ?" అంది.

ముక్కులోంచి వచ్చే ఆ గొంతు రెండు లౌడుస్పీకరు హారన్లలోంచి ఇంకా పెద్దదై, ఇంకా వంకరై వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. సరస్వతమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏమంటానవో సమజైతలేదే."

ఇక నవ్వు ఆగలేదు. సార్ అరిచినా ఆగలేదు. శారద మళ్లీ అడగలేదు. మైకు మీట ఆపి, వైరు చుట్టుకుంటూ కూర్చుంది. ఇంటికొచ్చాక యాదగిరి బతిమాలాడు.

"పోనీయ్ శారదా. ముసల్ది. ఎందుకు ఫికర్ చేస్తవు?"

"ఫికర్ చేస్తలేను. ఆ మాట దాని నోట్లకెల్లి తీస్త. మీ మైకులనే తీస్త."

గ్రహణం రోజు మట్టెవాడలో కుక్క తప్ప ప్రాణి లేదు. సరస్వతమ్మ కోడల్ని గోదాములో చీకటి గదిలో పడుకోబెట్టి, కదలొద్దు, గోకొద్దు, గుటక కూడా మింగొద్దని చెప్పి తలుపు వేసింది. మధ్యాహ్నం వెలుతురు పసుపు నీళ్లలా పలచబడింది. అప్పుడు శారద తన మెట్టు మీదికి వచ్చి కూర్చుంది. కటక్. ఖాళీ బజారులో ఆ చప్పుడు గోడలకు తగిలి వచ్చింది. కటక్, కటక్.

కిటికీ సందులోంచి సరస్వతమ్మ కేకేసింది. "ఆపుతవా లేదానే? లోపట కడుపుతోని పిల్ల ఉన్నది."

"ఏమంటానవో సమజైతలేదు అత్తా" అంది శారద. కానీ కిటికీ అప్పటికే మూసుకుంది.

మృగశిర దాటిన వారానికి నిర్మల కన్నది. మగపిల్లాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, లోపల అంగిలి కూడా.

సరస్వతమ్మ మొదట కోడల్ని పట్టుకుంది: చీకట్లో ఏదో గీకి ఉంటావు, ఏదో తుంచి ఉంటావు అని. నిర్మల ఏడ్చింది తప్ప ఒప్పుకోలేదు. అప్పుడు సరస్వతమ్మ వేలు రోడ్డు దాటింది. "అగో అది కొట్టింది అడకత్తెర. ఎదురుంగ కూసోని నా మనుమని మూతి కోసింది." ఆ మాట విన్నప్పుడు శారద మొదటిసారి గట్టిగా నవ్వింది. ఒక గర్భిణి ఇంట్లో వక్క కొడితే పాపం, రోడ్డవతల ఎవరు కొట్టినా పాపమేనా? అయితే మట్టెవాడలో తాంబూలం దుకాణాలన్నీ మూయించాలి.

పాండురంగం మాత్రం నవ్వలేకపోయాడు. కొమురెల్లి సార్ దగ్గరికి పోయి, "సర్కారు చెప్పినట్టే విన్నం గద సార్, ఎందుకొచ్చింది?" అని అడిగాడు.

"పెదవి మూడో నెల దాటకముందే అతుక్కుంటది పాండురంగం. గ్రహణం నాటికి నీ భార్యకు ఐదో నెల. దాంతోని ఏం సంబంధం లేదు. కొన్నిండ్లల్ల రక్తంల వస్తది ఇది. మీ ఇంట్ల ఇంకెవలకన్నా ఉన్నదా?"

ఎవరికి ఉందో ఊరందరికీ తెలుసు. పాండురంగం తల దించుకుని ఇంటికి వచ్చాడు. నిర్మలది జనగామ. రక్తం ఎటు నుంచి వచ్చిందో లెక్క వేయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

పిల్లాడు పాలు పీల్చలేకపోతున్నాడు. చెంచాతో పోస్తే ముక్కులోంచి వచ్చి దగ్గు తెరలు. దవాఖానలో, కొన్ని నెలలాగి కుడతాం, అప్పటిదాకా ఓపికగా పట్టించండి అన్నారు. ఓపికగా ఎట్లాగో చేతికి రావడం లేదు. ఇంకోపక్క సరస్వతమ్మ నిర్మలను జనగామ పంపడానికి పెట్టె సర్దిస్తోంది. అదే దారి, అదే పద్ధతి.

పాండురంగం రోడ్డు దాటి మైకు దుకాణం మెట్టు కింద నిలబడ్డాడు.

"శారదా, నిన్ను మీ అమ్మ ఎట్ల సాదిందో నీకు చెప్పే ఉంటది. జర వచ్చి చూపియ్యవా?"

"వస్త బావా. ఉగ్గుగిన్నె కూడ తెస్త, మా అమ్మ నాకు పట్టిందే. అప్పటిదాక పోరన్ని నిలువుగ కూసోబెట్టి దూదితోని చుక్క చుక్క పట్టుండ్రి, ఏం గాదు." ఆమె అడకత్తెర తీసింది. "గాని ముందు అత్తను రమ్మను. వచ్చి మైకుల ఒక్క మాట చెప్పాలె."

"ఏం మాట?"

"ఆ మాట అత్తకు తెలుసు."

రోజంతా పిల్లాడి ఏడుపు సన్నగా రోడ్డు దాటి వచ్చింది. శారద వింటూ కూర్చుంది. యాదగిరి ఒకసారి, "పాపం తగుల్తదే" అన్నాడు. "మా అమ్మకు తగిలింది చాలదా?" అంది. మళ్లీ అడకత్తెర నొక్కింది. వక్క సరిగ్గా రెండు ముక్కలు కాలేదు.

పాండురంగం లోపల తల్లిని ఒక్కటే అడిగాడట: "ఆ వక్క నువ్వే అడిగినవా అమ్మా?" ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. అదే జవాబు. పెట్టె సర్దడం ఆపి, నిర్మల అత్త వైపు చూసింది.

పొద్దు వాలుతుండగా సరస్వతమ్మ రోడ్డు దాటింది. అన్నేళ్లలో మొదటిసారి. బల్ల మీదివాళ్లు పేపర్లు దించారు. శారద మీట నొక్కి, మైకు ఆమె మూతి దగ్గర పెట్టింది.

సరస్వతమ్మ పెదవులు కదిలాయి. "ఆ వక్క... నేనడిగిన."

శారద చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏమంటానవో సమజైతలేదు అత్తా."

బడి మైదానంలో నవ్వినవాళ్లే బల్ల మీద మళ్లీ నవ్వబోయి, శారద ముఖం చూసి ఊరుకున్నారు. సరస్వతమ్మ కళ్లు మూసుకుంది.

"గ్రహణం పూట ఆ వక్క నేనే అడిగిన. కళావతి నాకోసం కొట్టింది. నమిలింది నేను."

హారన్లు ఆ మాటను చౌరస్తా దాకా తీసుకుపోయాయి. రిక్షావాళ్లు ఆగారు.

"మనుమని సంగతి?" అంది శారద.

"అది... మా దిక్కు నుంచి వచ్చింది. కోడలి తప్పు లేదు."

"జనగామ?"

"పంపను."

శారద మీట ఆపింది. లోపలికి పోయి ఉగ్గుగిన్నె కడుక్కుని తెచ్చింది. సరస్వతమ్మ, ఇక అయిపోయింది కదా అన్నట్టు, మేనకోడలి భుజం పట్టుకోబోయింది. శారద ఆ చేతిలో అడకత్తెర పెట్టింది.

"నేను వచ్చేదాక పట్టుకో. ఈన్నే, మెట్టు మీద కూసోని."

పిల్లాడు తాగడానికి చాలాసేపు పట్టింది. శారద వాణ్ణి నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా పోస్తూ, నిర్మల చేతికి ఆ వాటం నేర్పించి గానీ లేవలేదు. ఆ సేపంతా బజారులో వచ్చేపోయేవాళ్లు మైకు దుకాణం మెట్టు దగ్గర ఆగి చూశారు. సరస్వతమ్మ అడకత్తెర పట్టింది.