ఫ్రాన్సు పక్కన మెదకు

లెక్క తప్పితే నాకు అన్నం సహించేది కాదు. మెదకు తాలూకా కచ్చేరీలో గుమాస్తాగా చేరిన కొత్తలో నా పొగరంతా అదే. ఊళ్ల నుంచి పోలీసు పటేళ్లు పంపే చావుపుట్టుకల చిట్టాలు చూస్తే ఒళ్లు మండేది. అన్నీ కాకి లెక్కలే. కలరా వచ్చిన ఏడూ రాని ఏడూ ఒకటే అంకె వేసే మహానుభావులు ఉండేవారు.

మా తహసీల్దారు సాబ్‌కు నాకంటే పెద్ద పిచ్చి. హైదరాబాదులో పాత పుస్తకాల అంగట్లో ఆయనకు యూరపు దేశాల లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. పుట్టుకలు, చావులు, ఎకరాకు పండే గోధుమలు, బడికి పోయే పిల్లలు. ఇంగ్లండు, ఫ్రాన్సు, స్వీడను, రుమేనియా పక్కపక్కనే. వాటన్నిటినీ ఒక పెద్ద కాగితం మీద ఉర్దూలో ఎక్కించి, చివరి వరసలో మన తాలూకాను పెట్టమన్నారు. పైవాళ్లకు పంపి మనకూ దవాఖానాలు, బడులు అడగాలని ఆయన ఆశ.

మధ్యాహ్నాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ అంకెలు చదవడం నేర్పేవారు. ఏ దేశంలోనైనా జ్వరం ముందు పసిపిల్లలను, తర్వాత ముసలివాళ్లను పట్టుకుపోతుందని చెప్పారు. పడుచు మగవాళ్ల గడి ఉబ్బిందంటే సంగతి వేరేనట. వెనకటి పెద్ద యుద్ధం నాటి ఫ్రాన్సు పేజీ తెరిచి చూపించారు. ఆ ఒక్క గడే ఉబ్బి ఉంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ముచ్చటేసింది. చచ్చినవాళ్లు అప్పటికి నాకు అంకెలే.

అది పోలీసు యాక్షన్‌కు ముందటి వేసవి. పల్లెల్లో సర్కారు మీద తిరగబడ్డ సంఘం పేరు ఎత్తినవాడిని సర్కారు మనుషులు బతకనిచ్చేవారు కాదు. ఒకరోజు శంకరంపేట దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చి, అందరూ భోజనాలకు లేచేదాకా కచ్చేరీ వరండాలో కూర్చుంది. ఆమె కొడుకు సంఘంలో తిరిగేవాడు. తుపాకులతో వచ్చినవాళ్లు వాణ్ని చేలోనే కాల్చేసి, శవం కూడా ఇవ్వలేదు. ఠాణా కాగితాల్లో మాత్రం వాడింకా పరారీలోనే ఉన్నాడు. కొడుకెక్కడో చెప్పమని ఆమె పెనిమిటిని లోపలేసి రోజూ కొడుతున్నారు. చచ్చిపోయినట్టు కచ్చేరీ ముద్రతో నకలు ఇస్తే ముసలాయన్ను వదిలేస్తామన్నారట. పటేలు భయపడి చిట్టాలో రాయలేదు.

ఎట్లా చనిపోయాడని రాయాలి, అని అడిగాను.

"జరమొచ్చిందని రాయుండ్రి అయ్యా. ఏదన్న రాయుండ్రి, సచ్చిండని మాత్రం రాయుండ్రి."

పటేలు సంతకం లేనిదే రాయలేనని, తప్పుడు లెక్క నా చేతిమీదుగా పోదని గొప్పగా చెప్పాను. ఆమె ఏడవలేదు. నా వైపు చూసింది.

"మీది ఒక్క అంకె తప్పితే ఏమైతదయ్యా? రాయకుంటె ఆడ ఇంకో పీనుగ లేస్తది."

రాశాను. చిట్టాలో వాడి పేరు ఎదుట జ్వరమని పెట్టాను. నకలును ఆనాటి కాగితాల మధ్య పెట్టి సాబ్ ముద్ర వేయించుకున్నాను. ఆయన చదవలేదు. మూడోరోజు ముసలాయన ఇంటికి వచ్చాడని తెలిసింది. ఆ తర్వాత రామాయంపేట దిక్కు నుంచి ఒకామె, ఎల్దుర్తి దిక్కు నుంచి ఇద్దరు, అట్లా వానలదాకా వస్తూనే ఉన్నారు. ఎవరినీ కాదనలేకపోయాను. వాకిట్లో బూట్ల చప్పుడైతే చాలు, చిట్టా మూసేసేవాణ్ని.

వానలు పడ్డాక కాగితం పూర్తయింది. దాన్ని తీసుకుపోవడానికి ఇద్దరు జవాన్లు వరండాలో నిలబడి ఉన్నారు. సాబ్ చివరి వరస దగ్గర ఆగారు. చావుల చిట్టా తెమ్మన్నారు. పేజీలు తిప్పారు. యూరపు పుస్తకంలో ఫ్రాన్సు యుద్ధం పేజీ తెరిచి, చిట్టా పక్కన పెట్టారు. ఆయన ఒక్క కేక వేస్తే నేనే కాదు, ఆ నకళ్లు తీసుకుపోయిన ఇళ్లన్నీ మునిగిపోతాయి.

ఆయన గొంతు తగ్గించి అన్నారు. "జరాలన్నీ పడుసు పోరగాండ్లకేనా? సదివెటోడు ఎవ్వడన్న జూస్తే గీడ లడాయి నడుస్తుందంటడు."

చిట్టాను నా వైపు తోశారు.

"పిల్లలను, ముసలోళ్లను గూడ కలుపు. లడాయి లేనప్పటి ఫ్రాన్సు తీరుగుండాలె."

ఇంకో గంట ఆగమని జవాన్లకు చెప్పి, ఆయన గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ముసలివాళ్లను చంపడం సులువే అయింది. ఎప్పుడో పోయిన మా తాతల పేర్లు, మేనత్తల పేర్లు దూరపు ఊళ్లకు పంచేశాను. పిల్లల దగ్గర చెయ్యి ఆడలేదు. తెలిసిన పిల్లల పేర్లు రాస్తే వాళ్లకేమవుతుందోనని భయం. లెక్కలు తప్ప దేన్నీ నమ్మనని చెప్పుకునేవాణ్ని, నాకే భయం. తోచిన పేర్లేవో రాసుకుంటూ పోయాను. చివరి ఒక్క గడి మిగిలింది. జవాను రెండోసారి దగ్గాడు. అప్పుడు మా ఆవిడకు ఏడో నెల. ఆడపిల్ల అయితే పెట్టాలనుకున్న పేరుతో కడుపు మీద చెయ్యి వేసుకుని పిలుచుకుంటూ ఉండేది. పొద్దున విన్న ఆ పేరే కలం కిందికి వచ్చింది. ఆడ. వయసు మూడు నెలలు. జ్వరం.

కాగితం పోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. కొన్నాళ్లకే సైన్యం వచ్చింది, సర్కారు మారింది, ఆ కాగితం ఏ పెట్టెలో పడిందో తెలియదు. తర్వాత నెలకు మాకు ఆడపిల్ల పుట్టింది. తొట్టెలలో వేసేనాడు మా ఆవిడ ఆ పేరు పిలవడానికి వంగితే నేను వద్దని అరిచాను. పదిమందిలో ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. వేరే పేరు పెట్టాం. ఆ పేరేం పాపం చేసిందని మా ఆవిడ పోయేదాకా అడుగుతూనే ఉంది. నేను చెప్పలేదు.