పాపమ్మ బోరుకు సిల్వరు తీగ

"ఈ సిల్వరు తీగ పెట్టింది నా గొర్రెల్ని బతికిచ్చేదానికా, అమ్మిచ్చేదానికా?"

అర్ధవీడు మండలంలో ఒక బోరు దగ్గర, పదిమంది నిలబడి చూస్తుండగా పాపమ్మ అడిగిన మాట ఇది. అడిగించుకున్నది నాగమల్లేశ్వరి. గిద్దలూరు స్టేషను రోడ్డులో కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇచ్చే మనిషి, నలభై రెండేళ్ళది. పక్కనే మినీ వ్యాను ఆపుకొని గొర్రెల వ్యాపారి కూచున్నాడు. బోరు మొరాయించి అప్పటికి రెండు రోజులైంది. నాగమల్లేశ్వరి సంచిలోంచి స్పానరు తీసి, బోరు పక్కన కమ్మీకి బిగించిన ఇనప డబ్బా మూత విప్పడం మొదలుపెట్టింది.

ఆమె దుకాణం ఏడడుగుల వెడల్పు రేకుల గది. తండ్రి పిచ్చయ్య పెట్టినది. కొడుకులు లేక కూతురికి పని నేర్పాడని అనుకోవద్దు. ఇద్దరు కొడుకులున్నారు. ఇద్దరికీ లెక్క నిలవదు. అరవై చుట్లు చుట్టమంటే యాభై ఎనిమిదో చుట్టు దగ్గర ఫోను ఎత్తుతారు. బోరులో దిగే మోటారుకు ప్లాస్టిక్ పూత ఉన్న తీగను సన్నటి కంతల్లోంచి, సూదిలో దారం ఎక్కించినట్టు, ఒక్కో చుట్టూ చేత్తోనే లాగాలి. ఒక చుట్టు తగ్గినా ఒక ఫేజు మీద బరువు పడుతుంది, ఎండాకాలం నడిమధ్యలో మోటారు కాలుతుంది. నాగమల్లేశ్వరి ఆ కంతల్లో తీగ లాగుతూనే టీ చెబుతుంది, బేరం ఆడుతుంది, మొగుణ్ణి తిడుతుంది. లెక్క మాత్రం తప్పదు. ఒకసారి మహిళా దినోత్సవానికి శాలువా కప్పుతామని ఎవరో వచ్చారు. ఆ పూట మోటారు ఇవ్వాల్సి ఉంది, ఆదివారం రమ్మన్నది. వాళ్ళు ఆదివారం రాలేదు. శాలువా కంటే మోటారు ముఖ్యమని ఆమెకు తెలిసినంత స్పష్టంగా వాళ్ళకు తెలియలేదు, అంతే.

రాగి మీద మనకు భక్తి ఎక్కువ. రాగి చెంబులో నీళ్ళు తాగితే ఎన్ని రోగాలు పోతాయో చెప్పే పెద్దమనిషి ప్రతి బస్సులోనూ ఒకడుంటాడు. ఆ భక్తిని అవతల పెడితే రాగి గొప్పతనం ఒకటే: తక్కువ జాగాలో ఎక్కువ కరెంటు మోస్తుంది. మోటారు కడుపులో జాగా ఉండదు కాబట్టి అక్కడ దానికి పోటీ లేదు. అయితే ఈ వైపు రైతుకు రాగి ఒక నిలవ సొమ్ము కూడా. కాలిన మోటారులోంచి తీసిన పాత తీగను కాటా వేసి, రైతు కళ్ళముందే తూకం చూపించి, ఆ విలువ కూలీలో తగ్గించాలి. పిచ్చయ్య నలభై ఏళ్ళు ఆ కాటా దగ్గరే పేరు తెచ్చుకున్నాడు. కాలిపోయినా ధర పలికే సరుకు మీద జనానికి నమ్మకం ఉండటంలో వింత లేదు. దొంగలకూ అదే నమ్మకం.

పాపమ్మ బోరు పల్లంలో ఉంది. ట్రాన్స్‌ఫార్మరు, స్టార్టరు పైన రోడ్డు పక్కన ఉన్నాయి. మధ్యలో పన్నెండు వందల అడుగుల రాగి కేబులు, కంచె కమ్మీల వెంట. దాన్ని మూడుసార్లు కోసుకుపోయారు. మూడోసారి ఫిబ్రవరిలో. నూటముప్పై గొర్రెలు, అందులో డెబ్బై సూడివి. భర్త శ్రీరాములు కూలిపనికి ఊళ్ళు పట్టి పోతూ వస్తూ ఉంటాడు. మంద మాత్రం ఆమెది, ఆమె పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఇరవై గొర్రెల నుంచి పెరిగినది. తొట్లు ఎండిపోయాయి. ట్యాంకరు నీళ్ళు కొని తాపింది. వ్యాపారి వచ్చి మొత్తం మందకు ఒకే ధర చెప్పాడు. సూడి గొర్రె కడుపులో పిల్లకు అతను పైసా కట్టడు. నీళ్ళు లేకపోతే మంద పోతుంది. మంద పోతే అరవై దాటిన వయసులో మళ్ళీ కట్టుకోలేదు. పాపమ్మ ముందున్న లెక్క అంతే.

రాగి కేబులు కోసమని ఆమె గిద్దలూరు దిగింది. నాగమల్లేశ్వరి కాగితం మీద రెండు అంకెలు రాసి చూపించింది.

"రాగి అయితే లక్షా పాతిక వేలు అత్తా. సిల్వరు అయితే ముప్పై ఆరు. సగం ఇప్పుడియ్యి, సగం గొర్రెపిల్లల్ని అమ్మినాక."

మన ఇళ్ళల్లో అల్యూమినియం అని ఎవరూ అనరు. గిన్నె అయినా తీగ అయినా సిల్వరే.

"సిల్వరు గిన్నె పొద్దున కొంటే పొద్దు గూకేలోపల సొట్ట పడతాది. దాంట్లో కరెంటు పోతాదా అమ్మీ?"

మూల స్టూలు మీద కూచున్న పిచ్చయ్య అందుకున్నాడు. "పోదమ్మా. నేను జీవితంలో ఒక్కసారి ముట్టినా దాన్ని. కాలిపోయింది."

"నాయనా, నువ్వు రాగినీ సిల్వరునీ కలిపి ఉత్త మెలి తిప్పి టేపు చుట్టినావు. అది తీగ తప్పు ఎట్లయితాది?"

"అయితే నా తప్పా?"

"నీదే."

పిచ్చయ్య వక్క నములుతూ రోడ్డు వైపు తిరిగి కూచున్నాడు. పాపమ్మ ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీ ఇంట్లోనే తేలలేదు, నా పొలంలో ఏం తేలుతాది?" అంటూనే కొంగుముడి విప్పి డబ్బు లెక్కపెట్టింది. వేరే దారి లేదు గదా.

నాగమల్లేశ్వరి ఆలోచన చాలా సాదా. మోటారులోనూ, బోరు గొట్టంలోకి దిగేంతవరకూ రాగే ఉంటుంది. అక్కడ ఇరుకు, పైగా నీళ్ళు. నేల మీది పన్నెండు వందల అడుగులూ అల్యూమినియం. అక్కడ తీగ లావుగా ఉంటే అడిగేవాడు లేడు. రాగిలో పోయేంత కరెంటు పోవాలంటే అల్యూమినియం తీగ ఒకటిన్నర రెట్లకు పైగా లావుండాలి. అంత లావైనా లోహం బరువు రాగిలో సగమే. పోయిన రాగి కేబులును అప్పట్లో ఇద్దరు మగాళ్ళు మోసి తెచ్చారు. ఈ చుట్టను ఆమె ఒక్కతే భుజాన వేసుకొని చేను దాటింది. పాపమ్మ వెనకాలే నడుస్తూ, "ఉత్త తోలేనా, లోపల ఏమన్నా ఉందా?" అని అడిగింది.

నాగమల్లేశ్వరి ఆగి, నల్లమల మీదుగా పోతున్న టవర్ల వైపు చెయ్యి చూపించింది.

"ఆ తీగలు ఏంటివి అనుకున్నావు?"

"రాగే గదా."

"గోరంత రాగి లేదు అత్తా. నడిమధ్య ఉక్కు తీగ, చుట్టూ సిల్వరు. మన ఊర్లకు కరెంటు వచ్చిన కాడ్నుంచీ దాని మీదే వస్తాంది."

పాపమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూసింది. టవరు నుంచి టవరుకు, కొండ నుంచి కొండకు, అడవినంతా దాటుకుంటూ వస్తున్న ఆ సన్నటి బూడిదరంగు గీతల కింద ఆమె నలభై ఏళ్ళుగా గొర్రెలు తోలింది. అవి దేనితో చేసినవో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. తన ఇంట్లో గంజి వార్చుకునే గిన్నె చేసిన లోహమే ఆ కొండల్ని దాటి వస్తోంది.

"మరి దొంగనాకొడుకులు దాన్నెందుకు కొయ్యరు?"

"కోస్తే బూడిదయితారు."

రెండు లోహాలు కలిసేచోటే అసలు పని. అల్యూమినియాన్ని కత్తితో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు మీద గాలి తగిలిన క్షణంలోనే కంటికి కనపడని పొర కప్పుకుంటుంది. రెప్ప వేసేలోపల. ఆ పొర గట్టిది. లోపలి లోహాన్ని ఏళ్ళ తరబడి కాపాడుతుంది. కానీ కరెంటును పోనివ్వదు. కాపలా కాసేదే దారి కూడా అడ్డుతుంది. అందుకని తీగ కొనకు ముందు గ్రీజు పూసి, గ్రీజు కిందనే గీకాలి, గాలికి సందు ఇవ్వకుండా. తర్వాత ఒక వైపు అల్యూమినియం, ఒక వైపు రాగి ఉన్న లగ్గులో, అంటే చిన్న గొట్టం ముక్కలో, దూర్చి నొక్కాలి. ఆ లగ్గును ఫ్యాక్టరీలో చేసే తీరు ఆమె ఎప్పుడు చెప్పినా చేతులు తిప్పుతూనే చెబుతుంది: రెండు లోహాల్నీ ఒకదాని మీద ఒకటి ఆనించి గిరగిరా తిప్పుతారు, ఆ రాపిడికే అతుక్కుంటాయి, మధ్యలో మైనం లేదు, టంకం లేదు. మూడు లగ్గులు నొక్కి, మూతుల దగ్గర మళ్ళీ గ్రీజు పూసి, టేపు చుట్టి, డబ్బాలో బిగించింది. స్టార్టరు నొక్కిన కాసేపటికి గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. గొర్రెలు తొట్టి మీద పడ్డాయి.

ఆ నెలంతా నాగమల్లేశ్వరికి తీగల పిచ్చి పట్టింది. ఏదో దేశంలో బొగ్గుతో దారం వడికి, ఆ దారంలో కరెంటు పంపి బల్బు వెలిగిస్తున్న వీడియో ఫోన్లో దొరికితే దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చూపించింది. వెంట్రుక కంటే సన్నం, ముడి వేయొచ్చు, తుప్పు పట్టదు. బరువు చూసి పోలిస్తే రాగి దగ్గర్లోకి వచ్చిందని, లావు చూసి పోలిస్తే ఇంకా చాలా వెనకబడి ఉందని, ధర సంగతి ఇప్పుడే అడగొద్దని ఆ వీడియోలో ఆయనే ఒప్పుకున్నాడు. పిచ్చయ్య సైతం ఫోను దగ్గరికి లాక్కొని రెండుసార్లు చూశాడు. "పొయ్యిలో బొగ్గేనా ఇది?" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. నాగమల్లేశ్వరి మాత్రం చివరిదాకా చూసి ఒకటే అడిగింది: "అంతా బాగుంది. ఈ దారానికి జాయింటు ఎట్ల ఏస్తారు?" ఆ సంగతి వీడియోలో లేదు.

ఉగాది వచ్చింది, పోయింది. పండగైన మూడు వారాలకు పాపమ్మ ఫోను చేసింది. మోటారు మూలుగుతోంది, నీళ్ళు రావడం లేదు, స్టార్టరు పడిపోతోంది. నాగమల్లేశ్వరి బస్సెక్కి వచ్చేసరికి వ్యాపారి ఆమె కంటే ముందే వచ్చి ఉన్నాడు. ఈసారి మొదటి ధర కంటే తక్కువ చెప్పాడు. సాయంత్రంలోపల తేల్చమన్నాడు. చుట్టుపక్కల చేలవాళ్ళు చేరి సిల్వరు మీద తలా ఒక మాట వేస్తున్నారు. అప్పుడే పాపమ్మ మొదట చెప్పిన ఆ మాట అడిగింది.

డబ్బా మూత ఊడింది. తను చుట్టిన టేపు లేదు. దాని బదులు పాతచీర పేలిక, ముద్దుగా ముడివేసి ఉంది. పేలిక విప్పితే గ్రీజు ఆనవాలు లేదు. రాగి వైపు కొత్త చెంబులా ధగధగలాడుతోంది. అల్యూమినియం వైపు తెల్లటి పిండి రాలింది. ఒక ఫేజు తీగ లగ్గు మూతి దగ్గర పూర్తిగా తినేసి, పొడి పొడిగా విడిపోయింది. ఆ పొడిలో గోధుమరంగు పీచు ఒకటి అంటుకొని ఉంది. నాగమల్లేశ్వరి దాన్ని వేలిగోటితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అత్తా, దీన్ని తోమినావా?"

"తోమకుండా ఎట్ల పెడతా? పండగ పూట మడక కడిగి పసుపు పెట్టినా, కొడవలికి పెట్టినా. నీళ్ళిచ్చే దానికి పెట్టొద్దా? మూత తీస్తే ఒకటే జిడ్డు. మెయిను ఆపిచ్చి, చింతపండూ ఉప్పూ వేసి తోమి, శుభ్రంగా గుడ్డ కట్టినా." కాస్త గర్వంగానే చెప్పింది. "చూడు ఎట్ల మెరుస్తాందో."

గుంపులో ఒకడు నవ్వబోయి నాగమల్లేశ్వరి మొహం చూసి మానుకున్నాడు. ఆమె మొహంలో కోపం లేదు. ఇరవై రోజుల్లో చింతపండు పులుసు, ఉప్పు, పక్కన రాగి కలిసి అగ్గిపుల్ల కంటే లావైన తీగను అట్లా తినేయగలవని ఆమెకు విని తెలుసు. కళ్ళతో చూడటం ఇదే మొదలు. పొడిని అరచేతిలో పోసుకొని ఎండలో తిప్పి చూసింది, విభూతిలా ఉంది.

"రాగి చెంబుకు చిలుము తీస్తే మెరుగు అత్తా. దీనికి పైనుండే పొరే ప్రాణం. అది పీకేసి ఉప్పు రుద్దినావు. ఆ జిడ్డు నేను పూసిందే."

పాపమ్మ వ్యాను వైపు చూసింది, తర్వాత తన చేతుల వైపు. "అయితే నా మందను నేనే పోగొట్టుకున్నట్టా అమ్మీ?"

"ముట్టొద్దని నేను చెప్పలేదు. అది నా తప్పు. పక్కకు జరుగు, ఎండ పడనీ."

మూడు కొనలూ జానెడు కోసేసింది. ఎందుకైనా మంచిదని ముందే కేబులు నాలుగు అడుగులు ఎక్కువ వదిలి ఉంచింది. గ్రీజు పూసింది, గ్రీజు కింద గీకింది, కొత్త లగ్గుల్లో నొక్కింది. ఇక మిగిలింది మోటారు. రెండు రోజులు రెండు ఫేజుల మీద మూలిగిన మోటారు లోపల కాలిపోయి ఉంటే ఈ డబ్బా ఎంత బాగుచేసినా ఒకటే. అది ఆమె చుట్టిన మోటారే. పైకి నడిచి, స్టార్టరు దగ్గర ఆగి, బటను నొక్కింది. పల్లంలో అందరూ గొట్టం వైపు చూస్తున్నారు. ముందు గాలి బుసకొట్టింది. తర్వాత ఎర్రటి తుప్పు నీళ్ళు. ఆ తర్వాత తేట నీళ్ళు, తొట్టి అంచు దాటేదాకా.

పాపమ్మ తొట్టి దగ్గరికి పోలేదు. కొత్త టేపు చుట్టిన ఆ మూడు కొనల ముందు గొంతుక్కూచొని, వేలు పెట్టకుండా, దగ్గరగా చూసింది. "దీంట్లోంచేనా అంత బలం పోతాండేది?" అంది మెల్లగా. "శబ్దమన్నా చెయ్యదు."

వ్యాపారి ఇంకో అరగంట కూచొని, ఒక పొట్టేలుకైనా బేరం కుదరక, వ్యాను తిప్పుకొని పోయాడు.

అప్పటినుంచి నాగమల్లేశ్వరి బిగించే ప్రతి డబ్బా మీద ఎర్ర రంగుతో రాస్తుంది: పసుపు పైన పెట్టండి, లోపల తోమవద్దు. పిచ్చయ్య ఇప్పటికీ అల్యూమినియం ముట్టడు, కానీ ఆ అక్షరాలు దిద్దేది ఆయనే, చేతిరాత బాగుంటుంది. పాపమ్మ మందలో డెబ్బై సూడి గొర్రెలకు అరవై ఆరు పిల్లలు దక్కాయి. పొట్టేలు పిల్లల్ని గిద్దలూరులో అమ్మి ఆమె కేబులు బాకీలో రెండు విడతలు కట్టింది. లగ్గులతో, రెండోసారి కూలితో కలిపి నాగమల్లేశ్వరికి ఆమె ఇంకా ఏడు వేల నాలుగు వందల రూపాయలు ఇవ్వాలి.