కంప్యూటర్ గదిలో కొత్త బల్బు

బీదర్ పక్కనే ఉన్న నౌబాద్‌లో నేను పనిచేసిన కార్ఖానాకు ఒక యూనిక్స్ కంప్యూటర్ వచ్చింది. అప్పటికి బీదర్‌లో అదొక వింత. పొద్దున ఆన్ చేయగానే అది ముందుగా ఒక ఫైలు చదివి, అందులో ఉన్నట్టు ప్రింటరును సన్న అక్షరాలకు సిద్ధం చేసేది. ఆ ఫైలు రాసింది నేనే. అందుకు నాకు కొంచెం గీర కూడా ఉండేది.

ఆ గదిలో బల్బు మాడిపోయి నెలలైంది. ఎవరూ పట్టించుకోకపోతే చిరాకేసి నేనే కొత్తది తెచ్చి పెట్టాను. మర్నాటి నుంచి ప్రింటరు లావు అక్షరాలు కొట్టసాగింది. సరుకుల జాబితాలో ప్రతి వరుసా కాగితం మీద పట్టక రెండు ముక్కలయ్యేది. మూడు రోజులు ఆ ఫైలును అక్షరం అక్షరం చూశాను. తప్పు దొరకలేదు. ఎదురుపడ్డ ప్రతివాడినీ కసిరాను.

నాలుగో రోజు గది ఊడ్చే అక్క మీద పడ్డాను.

"గీడ ఏమన్న ముట్టినవా అక్కా?"

"ముట్టుడు బంద్ చేసిన సారూ. మునుపు చీకట్ల కరెంటున్నదో లేదో ఎరుక కాకపోతుండె. గా ప్రింటరు మీట నొక్కి దాని లైటు చూస్తుంటి. ఇప్పుడు బల్బున్నది గద!"

అంటే నేను వచ్చి కంప్యూటర్ ఆన్ చేసేసరికి ప్రింటరును ఆమె రోజూ లేపి ఉంచేది. ఇప్పుడు నా ఫైలు నిద్రపోతున్న ప్రింటరుకు ఆజ్ఞలిస్తోంది. తర్వాత నేను మీట నొక్కితే అది తన మామూలు లావు అక్షరాలతోనే లేస్తోంది.

"రేపటి నుంచి మల్ల నొక్కు అక్కా" అన్నాను మెల్లగా.

ఆమె చీపురు ఆపి పైకి చూసింది.

"గట్లయితే గీ బల్బెందుకు సారూ?"