గంటలో వచ్చేసిన పెళ్లికొడుకు

పెళ్లి సంబంధం చెడగొట్టడానికి గిట్టనివాళ్లు అక్కర్లేదు, మన తెలివి చాలు. నమ్మరా? అయితే నా ఘనకార్యం వినండి.

అప్పట్లో న్యూజెర్సీలో మాస్టర్స్ చేస్తూ, ప్లెయిన్స్‌బరోలో నా స్నేహితురాలు స్రవంతితో కలిసి ఉండేదాన్ని. మిషిగన్‌లో కార్ల కంపెనీలో పనిచేసే కిరణ్ సంబంధం వచ్చింది. నెల్లాళ్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. దాచడమెందుకు, మనిషి తెగ నచ్చేశాడు. ఒక్కసారి ఎదురుగా చూసుకుని, అదే రోజు ఇళ్లల్లో అవునో కాదో చెప్పేద్దామనుకున్నాం. అతను టికెట్ ఫొటో పంపాడు. మిషిగన్‌లోని డిట్రాయిట్‌లో ఎనిమిదికి ఫ్లైట్ ఎక్కి, ఇక్కడ మా నెవార్క్‌లో పదికి దిగుతాడట.

వేరే పిల్లయితే ఏ డ్రెస్ వేసుకోవాలా అని చూసుకునేది. నేను లెక్క వేశాను. మిషిగన్ ఉన్నది షికాగో పక్కనే కదా, షికాగో టైమ్ మనకంటే గంట వెనక. అంటే అక్కడ ఎనిమిదైతే ఇక్కడ తొమ్మిది. ప్రయాణం గంటే! నెట్‌లో చూస్తేనేమో దాదాపు ఐదొందల మైళ్లు, రెండు గంటలు పడుతుందని ఉంది. స్రవంతి దగ్గరికి పరిగెత్తాను.

"స్రవంతీ, వీడు డిట్రాయిట్‌లో లేడే! గంటలో వస్తున్నాడంటే ఏ బోస్టన్‌లోనో ఉంటున్నాడు. ఇది దొంగ టికెట్."

"ఏందే, పిల్లను చూడనీకి దొంగ టికెట్ ఎందుకు చేస్తడు?"

"బోస్టన్‌లో ఇంకో పెళ్లాం ఉందేమో!"

"గట్లయితే పోయి అడుగు. నా పానం తియ్యకు."

ఎడిసన్‌లో ఒక దోసెల హోటల్లో కలిశాం. అతను నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. ఆ నవ్వు కూడా నాకు అనుమానంగానే కనిపించింది.

"ఫ్లైట్ ఎంతసేపు పట్టిందండీ?"

"రెండు గంటలు."

"దారిలో ఏం కనిపించాయి?"

"మబ్బులండీ."

మబ్బులట! ఏ ఊరి మబ్బులో మాత్రం చెప్పడు.

"మీ డ్రైవింగ్ లైసెన్స్ ఓసారి చూపిస్తారా?"

పాపం, తీసి ఇచ్చాడు. మిషిగన్‌దే. వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. ఇది కూడా దొంగదే అయ్యుంటుందనుకునేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నిజం చెప్పండి, ఆవిడ పేరేంటి?"

పక్క టేబుల్ వాళ్లు తినడం ఆపేశారు.

"ఏ ఆవిడండీ?"

ముక్కు తుడుచుకుంటూనే లెక్కంతా వివరించాను. అతను ఓపిగ్గా విని, "డిట్రాయిట్ టైమూ న్యూజెర్సీ టైమూ ఒకటేనండీ. తేడా షికాగోకే" అన్నాడు.

నేలలోకి దిగిపోవాలనిపించింది. కానీ అతను నవ్వలేదు, ఉన్నట్టుండి ముందుకు వంగాడు.

"అయితే ఈ నెల్లాళ్లూ 'మీ టైమ్ తొమ్మిదింటికి ఫోన్ చేస్తా' అని చెప్పి, పదింటికి చేసింది ఇందుకా?"

"మీ తొమ్మిదంటే మా పది అనుకున్నా మరి!"

"హమ్మయ్య! ఆ గంటసేపూ వేరే సంబంధం వాళ్లతో మాట్లాడుతున్నారనుకున్నానండీ. వాడెవడో అడిగేసి, కాదని చెప్పి పోదామనే వచ్చాను."

చల్లారిపోయిన ఆ దోసెల సాక్షిగా ఇద్దరం ఒట్టేసుకున్నాం: పెళ్లయ్యాక ఒకరినొకరు ఎంతైనా అనుమానించుకోవచ్చు, లెక్కలు మాత్రం వేయకూడదు.