గువ్వ పాట కట్టిన మా పిన్ని

పోయిన కార్తీకంలో పిఠాపురం వెళ్ళి, దర్శనం అయ్యాక మండపంలో ఒక స్తంభానికి చేరగిలబడి మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చున్నాను. ఎదురుగా ఒకే రంగు చీరలు కట్టుకున్న భజన బృందం ఆడవాళ్ళు చిడతలు వాయిస్తూ పాడుతున్నారు. నాలుగో పాటో అయిదో పాటో, “గూడు నాదంటివే గువ్వా, గాలి ఎవరిదే” అని ఎత్తుకునేసరికి నా చేతులు మోకాళ్ళ మీదే ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దావిడని అడిగాను, ఈ పాట ఎవరు కట్టారని. “తెలీదండి. మా అత్తగారు పాడేవారు. పాత తత్వం కదండి, ఏ యోగిగారో కట్టుంటారు,” అందావిడ. ఆ పాట కట్టింది మా పిన్ని. అక్కడ చెప్పలేకపోయిన ఆ మాట, నా ఈడు వాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారని, మీకు చెబుతున్నాను.

పిన్ని మా అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. చిన్నతనంలోనే తల్లి పోతే అమ్మే పెంచి, యానాంకి ఎదురొడ్డు లంకలో ఉండే భజన పార్టీ హార్మోనిస్టుకిచ్చి పెళ్ళి చేసింది. చదువు లేదు. అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతూ తనలో తను పాడుకుంటుంటే విని, బాబాయే ఆమెని పార్టీలో కూర్చోబెట్టాడట. అప్పట్లో మావైపు ఎవరైనా పోతే పెద్దకర్మ దాకా మధ్యాహ్నం పూట తత్వాలు పాడించేవారు. పిన్ని గొంతు తీపి గొంతేమీ కాదు, కొంచెం జీరగా ఉండేది. కానీ మనిషి పోయిన దగ్గర్నుంచీ కంటతడి పెట్టకుండా బిగుసుకుపోయిన వాళ్ళు కూడా ఆ గొంతు విన్నాక భోరుమని ఏడ్చేసి, లేచి మొహం కడుక్కుని, నాలుగు మెతుకులు తినేవారు. అందుకే ఎంత దూరం నుంచైనా కబురు వచ్చేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు, పిన్ని ఎక్కడో ఒక చావింట పాడుతుండగా, అత్తగారి దగ్గర వదిలి వెళ్ళిన నాలుగేళ్ళ కూతురు కాలువ రేవులో జారి మునిగిపోయింది. పిన్ని వచ్చేసరికి అంతా అయిపోయింది. పాటలకి తిరిగి పిల్లని పోగొట్టుకుందని ఊరంతా అంది. బాబాయి ఆ మాట అనలేదు గానీ, ఓదార్పుగా ఇంకో మాటా అనలేదు. రెండేళ్ళు తిరిగేసరికి హార్మోనియం పెట్టె పట్టుకుని వెళ్ళిపోయి వేరే కాపురం పెట్టాడు. గువ్వ పాట ఆ రోజుల్లో కట్టిందే. తాగుడు మొదలైందీ ఆ రోజుల్లోనే. చవగ్గా మందు దొరికే యానాం ఎదురుగానే ఉండేది, పడవలో దాటితే చాలు. మొదట్లో నిద్ర కోసమంది. తరవాత తరవాత అది లేకపోతే గొంతు పెగిలేది కాదు.

నా మొదటి పెళ్ళిచూపుల రోజున, మగపెళ్ళివారు ఫలహారం చేస్తుండగా, పిన్ని తూలుతూ వచ్చి అరుగు మీద కూర్చుని చావింట పాడే తత్వం ఎత్తుకుంది. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అమ్మ వీధి తలుపు సగం మూసి, “ఇంక నా గుమ్మం తొక్కకే,” అంది. పిన్ని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళు రాలేదు.

ఈలోగా నాకు రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. తెలిసినవారి ద్వారా పిన్నికి విజయవాడ రేడియోలో పాడే అవకాశం అడిగి, అమ్మకి చెప్పకుండా కబురు పంపాను. రావులపాలెంలో కలుసుకుని విజయవాడ బస్సెక్కాలని అనుకున్నాం. నేను వెళ్ళేసరికి పిన్ని అరటి మార్కెట్లో గెలల మధ్య చతికిలబడి, జుట్టు విరబోసుకుని పాడుతోంది. గెలలు మోసే కూలీలు బరువులు దించి, తలపాగాలు తీసి చేత్తో పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. అంత బాగా ఆవిడ పాడగా నేను మళ్ళీ వినలేదు. పక్కన ఒకాయన నన్ను చూసి, “ఏంటమ్మా, మీవాళ్ళా ఆవిడ?” అన్నాడు. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని నిలబడ్డ నేను, “కాదండి,” అన్నాను. వచ్చిన బస్సే ఎక్కి తిరిగి రాజమండ్రి వచ్చేశాను.

తరవాత అమ్మకి జబ్బు చేసింది. ఇంక లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశాక ఒక రోజు ఉదయం, “దాన్ని పిలవ్వే,” అంది. నేను లంకకి మనిషిని పంపాను. మర్నాటి మధ్యాహ్నానికి పిన్ని వచ్చింది. ఉతికిన చీర, నున్నగా దువ్విన తల. ఆ రోజు చుక్క ముట్టుకోలేదని వణికే చేతులే చెబుతున్నాయి. గుమ్మం దగ్గర ఆగిపోయింది. అమ్మ మంచం మీంచే, “రావే, కాళ్ళు కడుక్కుని రా,” అంది. చిన్నప్పుడు ఆటల్లోంచి ఆలస్యంగా వచ్చిన పిల్లతో అన్నట్టే అంది. పిన్ని మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని పాడటం మొదలుపెట్టింది. గొంతు రెండుసార్లు పూర్తిగా పోయింది. పోయినప్పుడల్లా ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకుంది. అలా మూడు మధ్యాహ్నాలు పాడింది. మూడోనాడు పాట నడుస్తుండగానే అమ్మ వెళ్ళిపోయింది. పిన్నికి తెలిసినా, పాట సగంలో ఆపలేదు.

కర్మలన్నీ అయ్యాక పిన్నిని బస్సెక్కించడానికి వెళ్ళాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు నా వైపు చూడకుండానే అంది: “ఆ రోజు రావులపాలెంలో నువ్వన్నది విన్నాన్లే అమ్మాయ్. దానికి ఇంకా కుమిలిపోకు. నేనైనా అదే అనేదాన్ని.” బస్సు వచ్చింది, ఎక్కింది.

ఆ తరవాత మూడేళ్ళే బతికింది. చాలాసార్లు మానింది, చాలాసార్లు మొదలెట్టింది. ఆవిడ పోయిన రోజు పాడటానికి ఎవరిని పిలుస్తారని నేను అనుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే, బాబాయి వెళ్ళాక తను కూలికి పోయిన ఊడ్పుల్లో ఆవిడ వెనకే పాడి నేర్చుకున్న కూలి ఆడవాళ్ళు నలభైమంది, చేలోంచి వచ్చిన కాళ్ళతోనే కూర్చుని, అన్నీ ఆవిడ కట్టినవే పాడుతున్నారు. ఆవిడ గొంతు మాత్రం ఏ క్యాసెట్టులోనూ లేదు.

ఇప్పుడు చావింట్లో బ్లూటూత్ స్పీకరు పెట్టి ఏదో ఒకటి మోగిస్తున్నారు, దానికేం గానీ, మారినవాటిలో మంచివీ ఉన్నాయి. మా వీధిలో ఒకాయనకి తాగుడు ముదిరితే ఇంటివాళ్ళు కాకినాడ తీసుకెళ్ళి నెల్లాళ్ళు వైద్యం చేయించారు. అది జబ్బేనని, మందుతో పాటు మనుషులూ కావాలని డాక్టరు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పాడట. మా రోజుల్లో దానికి జబ్బు అన్న పేరు లేదు, పరువు తక్కువ అన్న పేరొక్కటే ఉండేది. ఎవరింట ఎవరు పోయినా పిన్ని పాట కోసం మనిషిని పరుగెత్తించిన వాళ్ళం, ఆవిడ ఒక్కత్తీ లంకలో ఎలా ఉంటోందో, అన్నం తింటోందో లేదో కనుక్కోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.