దండెం మీది ఖాకీ చొక్కా

జగిత్యాల బస్టాండులో ఉదయం ఆరున్నరకు కోరుట్ల బస్సెక్కాను. నేను బడిపంతుల్ని. ఏడేళ్ళుగా నడుస్తున్న ఒక టీవీ పోలీసు సీరియల్‌కు కథ కూడా రాస్తుంటాను. అందులో ఎస్సై కుటుంబం ఉండే ఇల్లు నిజానికి కోరుట్లలో ఒక నేత కార్మికుడిది. వెతికి చూపించింది నేనే. నీలం తలుపులు, వీధి అరుగు, ముందు దండెం. ఎస్సై భార్య ఆ దండెం మీద ఖాకీ చొక్కా ఆరేస్తుండగా ప్రతివారం కథ మొదలవుతుంది. ఆ ముక్క రాసినందుకు నాకు కాస్త గర్వం కూడా. మళ్ళీ షూటింగుకు ఇల్లడిగి రమ్మంటే బయల్దేరాను.

ఏడున్నరకు దిగి, చాయ్ తాగి వెళితే ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద ఒకామె బీడీలు చుడుతోంది.

"పోలీసోళ్ళ ఇల్లా? గండ్ల ఎవ్వలుంటలేరు. రాజవ్వోళ్ళు సిరిసిల్లకు పోయిండ్రు."

"పోలీసోళ్ళది గాదమ్మా, గది టీవీలనే."

"మాకెర్కనే సారు. అందరికి ఎర్కుండాలె గదా!"

తొమ్మిదింటికి సిరిసిల్ల బస్సు దొరికింది. రుద్రంగి దాటాక నక్సలైట్ల కోసం పోలీసులు ఆపి అందరి సంచులూ విప్పించారు. పక్కసీటు పెద్దాయన తన సంచి మళ్ళీ కట్టుకుంటూ, "పొద్దుగాల వీళ్ళడుగుతరు, పొద్దుమీకి వాళ్ళడుగుతరు. ఉన్నయి జొన్నరొట్టెలే" అని నాకూ ఒకటిచ్చాడు.

పదకొండున్నరకు సిరిసిల్ల చేరి, నేతవాళ్ళను అడుగుతూ వెతికాను. కోరుట్లలో సొంత మగ్గమున్న ఆ ఇంటాయన మల్లేశం ఇక్కడ ఎవరిదో మరమగ్గాల షెడ్డులో సాంచా మీద కూలికి నేస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. వెనక ఒంటిగదిలో ఉన్న అతని భార్య రాజవ్వే సాంచాల చప్పుడును మించి గట్టిగా చెప్పింది.

"మల్ల అస్తమని షూటింగోళ్ళు గా డ్రెస్సు మా ఇంట్లనే ఇడ్సిపోయిండ్రు సారు. బూజు పడుతదని ఉతికి దండెం మీద ఆరేసిన. తెల్లారి అడివికెల్లి అన్నలు ఇద్దరచ్చి, నీ పెనిమిటిది ఏ ఠాణా అని అడిగిండ్రు. టీవీ బట్టలంటె నవ్వి పోయిండ్రు. గంతే. గప్పటి సంది ఈయనకు నిద్ర లేదు. ఇల్లిడ్సి అచ్చినం."

మళ్ళీ తనే అంది. "పోలీసుల పెండ్లాలు ఖాకీ బట్టలు బయట ఆరెయ్యరట. లోపట చీర కింద ఆరేస్తరట. గీడికచ్చినంక తెలిసింది. నేతోళ్ళం, మాకేమెర్క? సారు తెలిసే రాసిండనుకున్న."

నాకు తెలియదు. జగిత్యాలలోనే పుట్టి పెరిగి, ఒక్క కానిస్టేబులు ఇంటి గడపైనా తొక్కకుండా ఏడేళ్ళు రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇల్లు అడగనేలేదు. "తప్పయింది రాజవ్వా" అన్నాను. ఆమె అన్నం పెట్టింది. లేచేటప్పుడు పాత చీరలో చుట్టిన ఆ ఖాకీ బట్టల మూట చేతిలో పెట్టింది.

"గిది మీదే. తీస్కపోండ్రి."

రెండింటి కోరుట్ల బస్సులో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పోలీసులు విప్పితే ఏం చెప్పాలి, అన్నలు విప్పితే ఏం చెప్పాలి అన్నదే ఆలోచన. రుద్రంగి దగ్గర ఇద్దరు ఎక్కి నా వైపు చూశారు. నేను మూటను సీటు కిందికి తోశాను. వాళ్ళు టికెట్టు తీసుకుని, ముందుసీట్లో కూర్చుని కునుకు తీశారు. మీలో ఎవరైనా కోరుట్ల వెళితే దయచేసి ఆ ఇంటిని పోలీసోళ్ళ ఇల్లని అడగకండి. రాజవ్వ ఇల్లనండి.

ఆరింటికి ఇల్లు చేరాను. మా ఆవిడ మూట విప్పి ముక్కు మూసుకుంది.

"ముక్కిన వాసనస్తుంది. రేపు దండెం మీద ఎండకేస్త."

"బయటొద్దు, లోపటనే ఎయ్యి" అన్నాను.